మూలనపడిన జావా – దాని పూర్వోత్తరాలు

చరిత్ర చదువుకోవడానికి కోటలూ శాసనాలూ ఉన్నట్లే, మన ఇళ్ళ వసారాల్లో గోనెపట్టా కప్పి ఉంచిన పాత మోటారు సైకిళ్ళు కూడా ఉన్నాయి. అటువంటి బండిని ఇంటి దగ్గరే విప్పి, కడిగి, తిరిగి నడిపించదలచినవారు అది ఎక్కడ పుట్టిందో, ఎందుకు మూలబడిందో ముందుగా తెలుసుకోవాలని మా అభిప్రాయం. మా చాచాగారి 1968 నాటి జావా 250 బండి విషయంలో మాకు తెలిసివచ్చిన సంగతులు సభ్యుల ముందుంచుతున్నాము.

జావా అన్నది ద్వీపం పేరు మీద వచ్చింది కాదు. 1929లో ప్రాగ్ నగరపు పారిశ్రామికుడు యానెచెక్, జర్మనీకి చెందిన వాండరర్ కంపెనీ నుంచి మోటారు సైకిళ్ళ తయారీ హక్కులు కొన్నాడు. రోమన్ లిపిలో ఆ రెండు పేర్ల మొదటి రెండేసి అక్షరాలు కలిపితే 'జావా' అయింది. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో విదేశీ బళ్ళ దిగుమతిపై ఆంక్షలు పెట్టారు. దాంతో ఇక్కడే కార్ఖానాలు లేచాయి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి బుల్లెట్‌ను తయారుచేయసాగింది. 1961లో మైసూరు యాదవగిరిలో ఐడియల్ జావా కార్ఖానా నుంచి జావా బళ్ళు రాసాగాయి. దానిని నెలకొల్పినది పార్సీలైన ఇరానీ కుటుంబంవారు. మైసూరు మహారాజా జయచామరాజేంద్ర వడయార్ ప్రోత్సాహం వారికి ఉన్నది. 1970లలో ఇదే కార్ఖానా బండికి 'యెజ్డీ' అన్న పేరు వచ్చింది. అది ఇరాన్‌లోని యజ్ద్ పట్టణాన్ని తలపించే పేరు.

మరి ఇంత గట్టి బండి ఎందుకు మూలబడింది? 1984, 85 సంవత్సరాల్లో జపాను కంపెనీల పొత్తుతో 100 సి.సి. బళ్ళు వచ్చాయి. వాటిలో హీరో హోండా ఫోర్ స్ట్రోక్ బండి. పెట్రోల్లో ఆయిల్ కలిపే పని లేదు, మైలేజీ ఎక్కువ, పొగ తక్కువ. జావాది టూ స్ట్రోక్ ఇంజను. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి. పొగ మీద ప్రభుత్వ నియమాలు కూడా బిగిశాయి. 1996లో మైసూరు కార్ఖానా మూతబడింది. ఆ తర్వాత సామాన్లు దొరకడం కష్టమై, ఎందరి ఇళ్ళలోనో ఈ బళ్ళు కోళ్ళ గంపలకు ఆసరా అయ్యాయి.

మా చాచాగారు గుంటూరులో మిరపకాయల కమీషన్ వ్యాపారం చేసేవారు. వారు పోయిన తర్వాత పిల్లలు ఇల్లు సర్దుకుంటూ, బండిని పాత ఇనుము బేరగానికి తూకం మీద ఇచ్చేద్దామనుకున్నారు. చాచీ అడ్డు చెప్పలేదు. "ఇచ్చెయ్యండి. కానీ పక్క డబ్బాలో ఆయన రాసుకున్న పుస్తకం ఉంది, అది ఒక్కసారి చదివి వినిపించి మరీ ఇవ్వు బేటా" అని మాతో అన్నారు. పుస్తకం ఉర్దూలో ఉంది. చాచీ బడికి వెళ్ళలేదు, పిల్లలేమో ఇంగ్లీషు మీడియంలో చదివారు.

చదివాము. తారీఖులు, పెట్రోలు, చైను మార్చిన రోజు, నరసరావుపేట, సత్తెనపల్లి రాకపోకలు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పటి పుటలో ఇలా ఉంది: రేపల్లె వైపు బియ్యం మూడు విడతలు, డైనమో తడిసింది, ఎండబెట్టించాము. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ సంగతి వారు ఇంట్లో ఎవరికీ చెప్పినవారు కారు. చాచీ ఆ పుట రెండుసార్లు చదివించుకున్నారు. బేరగాడిని ఆ రోజే పంపించివేశారు.

ఇక పని సంగతి. బిగుసుకుపోయిన ఇంజనును కిక్కు కొట్టి కదిలించబోరాదు. జావాలో గేరు రాడ్డే కిక్కు రాడ్డు. బలం పెడితే లోపలి షాఫ్టు దెబ్బతింటుంది. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో డీజిలు పోసి, నాలుగు రోజులు ఓపిక పట్టాలి. పిస్టను అరిగితే రీబోరు చేయించి, కొత్త పిస్టను, రింగులు వేయాలి. క్రాంకు ఆయిల్ సీళ్ళు తప్పక మార్చాలి. టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు మిశ్రమం క్రాంకు గది గుండానే పైకి పోతుంది. సీలు ఎండిపోతే ఒకవైపు గాలి చొరబడి పిస్టను వేడెక్కి పట్టేస్తుంది, రెండోవైపు గేరు ఆయిల్ లాగేసుకుని తెల్లటి పొగ వస్తుంది. ఒకే సిలిండరుకు రెండు సైలెన్సర్లు గనుక రెండింటిలోనూ మసి గీకాలి. ట్యాంకులో తుప్పుంటే గుప్పెడు చిన్న నట్లు, కిరోసిన్ వేసి ఊపితే రాలిపోతుంది. ఎమరీ కాగితంతో రుద్దేటప్పుడు చాసిస్ నంబరు జోలికి పోరాదు. పుస్తకంలోని నంబరుతో అది సరిపోవాలి.

మా ఇంట్లో పెద్ద తగవు వెనక క్యారియర్ మీద వచ్చింది. అది కంపెనీది కాదు, చాచాగారు బస్తాల కోసం చేయించుకున్న ఇనుప చట్రం. అబ్బాయిలు తీసెయ్యమన్నారు. మేము ఉంచమన్నాము. అరిగిపోయే సామాను మార్చడం మరమ్మతు. మనిషి వాడిన గుర్తును తీసివేయడం చరిత్రను చెరిపివేయడమే. పైగా అది బోల్టులతో బిగించినది, చాసిస్‌కు ఏ మార్పూ లేదు. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్ళు దాటిన బళ్ళను వింటేజి వాహనాలుగా గుర్తించే నియమాలు చేసింది. చాసిస్, ఇంజను అసలు రూపంలో ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. ఇదివరకే రిజిస్టరయిన బండికి పాత నంబరే ఉంటుంది. అయితే అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీయవచ్చును గాని రోజువారీ పనులకు వాడరాదు.

ఈ పనిలో మాకు దారి చూపిన ఉస్తాద్‌కు ఇప్పుడు డెబ్భై దాటాయి. చేయి వణుకుతుంది గాని, ఇంజను శబ్దం విని పాయింట్ల గ్యాపు ఎంత తప్పిందో చెబుతారు. ఆ హునర్ ఏ గ్రంథంలోనూ లేదు. మన ప్రతి ఊళ్ళోనూ ఇటువంటి పెద్దలు ఒకరిద్దరు మిగిలి ఉన్నారు. సెలవుల్లో మన పిల్లలను నాలుగు రోజులు వారి దగ్గర కూర్చోబెట్టవలసిందని తల్లిదండ్రులకు మా మనవి. అలాగే పాత బండిని తూకానికి వేసేముందు పక్క డబ్బా మూత తీసి చూడండి. లోపల కాగితం ఏదైనా ఉండి చదవడం రాకపోతే, ఉర్దూ వచ్చినవారిచేత చదివించుకోండి. మేమూ సిద్ధంగా ఉన్నాము.