యుద్ధం సినిమాకి నేను పెట్టుకున్న పరీక్ష

యుద్ధం సినిమాల గురించి మాటొస్తే మన ఐటీ జనాల్లో ఎవరినడిగినా నాలుగు పేర్లు టకటకా చెప్పేస్తారు. సేవింగ్ ప్రైవేట్ ర్యాన్, బ్లాక్ హాక్ డౌన్... మన వైపు నుంచి బోర్డర్, ఉరి. బాగుంటాయి, కాదనను. సౌండ్ సిస్టమ్ బాగున్న హాల్లో ఇంకా బాగుంటాయి. కానీ బయటికొచ్చాక ఆ యుద్ధం గురించి కొత్తగా ఏం తెలిసిందని అడిగితే చాలాసార్లు జవాబుండదు. మనవాళ్ళు వీరులు, అవతలివాళ్ళు దుర్మార్గులు. ఈ ముక్క టికెట్టు కొనకముందే తెలుసు కదా!

అందుకని నేనో పరీక్ష పెట్టుకున్నాను. ఈ సినిమా చూసి భయపడిందెవరు? శత్రుదేశం వాళ్ళు కాదు, సొంతవాళ్ళు. సినిమా చూసి సొంత జనరళ్ళు, నాయకులు ఉలిక్కిపడ్డారంటే అందులో ఎంతో కొంత చరిత్ర ఉన్నట్టే లెక్క. ఆపేసిన ప్రతి సినిమా గొప్పదని కాదు, చెత్త సినిమాల్నీ ఆపుతారు. అసలు చూడాల్సింది దేనికి భయపడ్డారన్నది. ఈ లెక్కన నాకు బాగా నచ్చినవి మూడున్నాయి. మూడూ పాతవే, మూడూ బ్లాక్ అండ్ వైటే. అయినా సరే చదవండి.

1. ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్ (1930)

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ కుర్రాళ్ళ కథ. రెమార్క్ నవల 1929లో పుస్తకంగా వస్తే, మరుసటేడే హాలీవుడ్‌లో లూయిస్ మైల్‌స్టోన్ సినిమా తీసేశాడు. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు ఆస్కార్లు రెండూ దీనికే. స్కూల్లో మాస్టారు దేశం, త్యాగం అంటూ ఊదరగొడితే క్లాసు క్లాసంతా లేచి సైన్యంలో చేరిపోతుంది. ఆ తర్వాత ఒక్కొక్కడే పోతుంటాడు. పోయినవాడి బూట్లు ఇంకొకడు వేసుకుంటాడు, వాడు పోతే మరొకడు. బూట్లు మాత్రం నిక్షేపంలా ఉంటాయి.

1930 డిసెంబరులో ఇది బెర్లిన్‌లో విడుదలైంది. అంతకు మూణ్ణెల్ల ముందే జరిగిన ఎన్నికల్లో నాజీ పార్టీ 107 సీట్లతో రెండో పెద్ద పార్టీ అయి కూర్చుంది. గోబెల్స్ తన మందని వెంటేసుకుని హాలుకెళ్ళాడు. కంపు బాంబులు వేశారు, తెల్ల ఎలకల్ని వదిలారు. ఆ గొడవ జరిగి వారం తిరక్కుండానే సెన్సారు వాళ్ళు దేశం పరువు పోతోందంటూ సినిమాని నిషేధించారు. గమనించండి, నాజీలు అప్పటికింకా అధికారంలోకి రాలేదు. గొడవ చేసినవాళ్ళని బయటికి పంపాల్సింది పోయి సినిమాని పంపించేశారు.

ఎందుకంత భయం? మన సైన్యం ఓడలేదు, ఇంటి దొంగలే వెన్నుపోటు పొడిచారు అన్నది నాజీల ప్రచారం. సినిమాలో సైనికులేమో తిండి లేక, ఎందుకు కొట్టుకుంటున్నారో తెలీక చస్తుంటారు. ఇది చూసినవాడు వెన్నుపోటు కథ నమ్మడం కష్టం. రెమార్క్ దేశం వదిలి వెళ్ళిపోయాడు. అతని చెల్లెలు ఎల్ఫ్రీడ్ అక్కడే ఉండిపోయింది. ఈ యుద్ధంలో మనం ఓడిపోయినట్టే అన్నందుకు 1943 డిసెంబరులో ఆమె తల నరికేశారు. ఈ కథని జర్మన్ భాషలో సినిమాగా చూడ్డానికి 2022 దాకా ఆగాల్సొచ్చింది.

2. పాత్స్ ఆఫ్ గ్లోరీ (1957)

పైది ఓడినవాళ్ళ కథ, ఇది గెలిచినవాళ్ళది. అదే యుద్ధం, ఫ్రాన్స్ సైన్యం. స్టాన్లీ కుబ్రిక్ తీశాడు, కర్క్ డగ్లస్ కర్నల్. ప్రమోషన్ ఆశ చూపించగానే ఒక జనరల్, అయ్యే పని కాదని తెలిసీ, ఒక గుట్టని పట్టుకొస్తానని ఒప్పుకుంటాడు. దాడి ఫెయిలవుతుంది. కందకాల్లోంచి కదలని సొంత సైనికుల మీదే ఫిరంగులు పేల్చమంటాడు. అదీ కుదరకపోయేసరికి, పిరికితనం నేరం మోపి మూడు కంపెనీల నుంచి ముగ్గుర్ని ఎంచి కాల్పిస్తాడు. మన భాషలో చెప్పాలంటే, మేనేజరు క్లయింటుకి కుదరని డెడ్‌లైన్ ఒప్పుకుని, ప్రాజెక్టు పోయాక రూట్ కాజ్ కింద ముగ్గురు ఫ్రెషర్ల పేర్లు రాసిచ్చినట్టు. తేడా అల్లా ఇక్కడ పోయేవి ఉద్యోగాలు కావు.

కట్టుకథ అనుకునేరు. 1915 మార్చిలో ఫ్రాన్స్‌లోని సువేన్ అనే ఊరి దగ్గర ఇంచుమించు ఇదే జరిగింది. రెవీయాక్ అనే జనరల్ సొంత కందకాల మీద ఫిరంగులు పేల్చమంటే, రాతపూర్వకంగా ఆర్డరిస్తే తప్ప పేల్చనని ఫిరంగి దళం అధికారి తేల్చి చెప్పాడు. ఆ తర్వాత నలుగురు కార్పొరల్స్‌ని కాల్చి చంపారు. వాళ్ళలో మోపా అనే ఆయన బడిపంతులు. ఆయన భార్య బ్లాంష్ కూడా టీచరే. మా ఆయన పిరికివాడు కాదని ఆవిడ దాదాపు ఇరవయ్యేళ్ళు తిరగని ఆఫీసు లేదు. చివరికి 1934లో నలుగురూ నిర్దోషులని తేల్చారు. నష్టపరిహారం? ఒక్క ఫ్రాంకు. మరుసటేడే హంఫ్రీ కాబ్ రాసిన నవలే ఈ సినిమాకి ఆధారం.

ఫ్రాన్స్‌లో దీన్ని నిషేధిస్తున్నామని ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. కానీ 1975 దాకా అక్కడ విడుదల కాలేదు. సినిమా తీసేనాటికి ఫ్రాన్స్ ఇంకో యుద్ధంలో పీకల్లోతు కూరుకుపోయి ఉంది. మూడో సినిమా దాని గురించే.

3. ద బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్ (1966)

అల్జీరియా స్వాతంత్ర్యం కోసం ఫ్రాన్స్‌తో 1954 నుంచి 1962 దాకా పోరాడింది. అందులో 1956, 57ల్లో అల్జీర్స్ నగరంలో జరిగిన కథని ఇటలీ దర్శకుడు పాంటెకోర్వో తీశాడు. చూస్తుంటే న్యూస్ రీళ్ళు చూస్తున్నట్టే ఉంటుంది, కానీ ఒక్క అడుగు కూడా న్యూస్ రీల్ కాదు. అప్పటి తిరుగుబాటు నాయకుల్లో ఒకరైన సాదీ యాసెఫ్, తనలాంటి పాత్రనే తను వేశాడు.

నాకు నచ్చిందేంటంటే ఇది ఎవర్నీ వదిలిపెట్టదు. ఫ్రెంచి సైనికులు పెట్టే చిత్రహింసలు చూపిస్తుంది. అల్జీరియా అమ్మాయి కెఫేలో బాంబు పెట్టబోయే ముందు కాసేపట్లో పోబోయే వాళ్ళ మొహాలూ చూపిస్తుంది. ఐస్‌క్రీం తింటున్న పసివాడితో సహా. ఫ్రెంచి కర్నల్‌ని కూడా రాక్షసుడిలా చూపించలేదు. మనం ఇక్కడ ఉండాల్సిందే అని మీరంటే, దానికయ్యే ఖర్చుకి కూడా మీరు ఒప్పుకున్నట్టే అని విలేకరులకి చల్లగా తేల్చి చెప్తాడు. నన్నడిగితే భయపెట్టింది రక్తం కాదు, ఈ లాజిక్కు. నేరం ఒక్క సైనికుడిది కాకుండా ఇంట్లో కూర్చుని పేపరు చదివేవాడిది కూడా అయిపోయింది.

వెనిస్‌లో దీనికి గోల్డెన్ లయన్ వస్తే ఫ్రెంచి బృందం లేచి వెళ్ళిపోయింది. ఫ్రాన్స్‌లో ఏళ్ళ తరబడి ఆడనివ్వలేదు. అసలు అల్జీరియాలో జరిగింది ‘యుద్ధం’ అని ఫ్రెంచి పార్లమెంటు ఒప్పుకున్నదే 1999లో. అన్నట్టు, 2003లో ఇరాక్‌లో ఇరుక్కున్నాక పెంటగాన్ వాళ్ళు తమ అధికారులకి ఈ సినిమా వేసి చూపించారు.

మరి మన సంగతి?

1962 మీద చేతన్ ఆనంద్ ‘హకీకత్’ (1964) తీశాడు. ఓడిన రెండేళ్ళకే ఓటమి మీద సినిమా తీయడం మామూలు విషయం కాదు. లడఖ్‌లో సైనికుల ఒంటరితనం కళ్ళకి కట్టినట్టుంటుంది. కానీ వాళ్ళనక్కడికి చలిబట్టలు సరిగా ఇవ్వకుండా ఎవరు పంపారన్న ప్రశ్న దగ్గర సినిమా మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది. తూర్పున పోరు జరుగుతుంటే అక్కడి కోర్ కమాండర్ కౌల్ జబ్బుపడి ఢిల్లీలో మంచమ్మీద నుంచే ఆర్డర్లిచ్చాడు. ఆ సీను మన తెర మీద నాకెక్కడా కనపడలేదు. ఓటమి మీద 1963లో ఇచ్చిన హెండర్సన్ బ్రూక్స్ రిపోర్టుని, ఇప్పటికీ సున్నితమైన విషయమంటూ 2010లో కూడా పార్లమెంటులో బయటపెట్టనన్నారు. 2014లో నెవిల్ మాక్స్‌వెల్ కొంత భాగం నెట్లో పెడితే గానీ జనానికి అదైనా దొరకలేదు. ఒక రిపోర్టుకే ఇంత భయపడితే ఇంక సినిమా ఎవరు తీస్తారు? తెలుగులో క్రిష్ ‘కంచె’ (2015) యుద్ధాన్ని, ఊళ్ళో కులాల గోడల్ని పక్కపక్కన పెట్టి చూపించింది. అది మెచ్చుకోవాల్సిన ప్రయత్నమే. ఆర్డరిచ్చినవాడిని నిలదీసే సినిమా మాత్రం మనకింకా రావాల్సే ఉంది.

ఇలా అంటే సైన్యాన్ని అవమానిస్తున్నావంటారు. నాకు తిరగేసి అనిపిస్తుంది. రెజాంగ్ లా దగ్గర 1962 నవంబరు 18న ఇంచుమించు 120 మందిలో నూరు మందికి పైగా చనిపోయారు. వాళ్ళ ధైర్యానికి చప్పట్లు కొట్టడం తేలిక. వాళ్ళకా పరిస్థితి ఎందుకొచ్చిందని అడగడమే అసలు గౌరవం. బ్లాంష్ మోపా ఇరవయ్యేళ్ళు అడిగింది అదే. సరిహద్దులో కాస్త వేడి పుట్టగానే వాట్సాప్ గ్రూపుల్లో యుద్ధం ప్రకటించేసే మనలాంటి వాళ్ళు, ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళు, ఈ సినిమాలు ముందు చూడాలి.

మూడింట్లో ఒక్కటే చూసే ఓపిక ఉంటే పాత్స్ ఆఫ్ గ్లోరీతో మొదలెట్టండి. గంటన్నర కూడా లేదు. చివర్లో సైనికుల మధ్య ఒక జర్మన్ అమ్మాయి పాడుతుంది, అక్కడ మాత్రం ఫోను పక్కన పెట్టేయండి.