రెండు కొలువులు చేసిన వైమానికులు
(ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి సీమల చరిత్రనుండి)

మన సంఘ వార్షిక సంచికలలో ఏటేటఁ గాలధర్మము నొందిన పెద్దల జీవితసంగ్రహములను బ్రకటించుట యొక మంచి యాచారము. న్యాయవాదులు, ఉపాధ్యాయులు, ధర్మకర్తలు, కృషీవలులు మొదలగువారి చరిత్రములు వ్రాయువారికిఁ గొఱఁత లేదు. కాని వైమానిక దళమునఁ బనిచేసి, పిదపఁ బ్రయాణికుల విమానములను నడపి, వార్ధక్యమున స్వగ్రామమునకు వచ్చి యరుగుమీఁదఁ గూర్చుండిన పెద్దవారి విషయము వచ్చునప్పటికి మన లేఖిని తడఁబడును. "సైన్యమున నుండిరి, తరువాత విమానములు నడపిరి" అని రెండు వాక్యములతో సరిపుచ్చుచున్నాము. ఆ రెండు వాక్యముల నడుమ నెంత చరిత్ర యిమిడియున్నదో చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా మన సీమనే చూతము. తాడేపల్లిగూడెము నెఱిఁగిన వారెల్లరు నచటి పాత విమానభూమి నెఱుఁగుదురు. 1941 డిసెంబరులో జపాను యుద్ధమున దిగెను. 1942 మార్చిలో రంగూను పట్టణము పడిపోయెను. ఆ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము మీఁదను, కాకినాడ మీఁదను జపాను విమానములు బాంబులు వైచెను. అంతవఱకు యుద్ధమనఁగాఁ బత్రికలలోఁ జదువుకొను వార్తయే గాని, మన తలలమీఁదికి వచ్చు నాపద యని ప్రజలు తలంపలేదు. ఆ కాలముననే గన్నవరము, తాడేపల్లిగూడెము మొదలగు తావులలో సైనికావసరములకై విమానములు దిగుటకుఁ దగిన బాటలు వేయఁబడెను. కొల్లేటి చుట్టుపట్ల నేల పల్లము. వానకాలమున నీట మునుఁగును. తాడేపల్లిగూడెపు నేల మెరక. మదరాసు కలకత్తా రైలుమార్గము ఆ యూరిమీఁదుగనే పోవుచున్నది. ఆ స్థలముయొక్క యనుకూలత యిట్టిది. యుద్ధానంతరమున గన్నవరము పౌరవిమానాశ్రయమై వృద్ధి నొందెను. తాడేపల్లిగూడెపు బాట మాత్రము పశువుల మేఁతకును, బాలుర యాటలకును మిగిలెను. 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యా పట్టణమున నెలకొల్పఁబడుటతో నా ప్రాంతమునకుఁ గ్రొత్త కళ వచ్చినది.

ఆ బాటకు సమీపముననే సైనికులకుఁ బేరుగన్న మాధవర మున్నది. ప్రజలు దానిని మిలిటరీ మాధవర మనియే పిలుతురు. మొదటి ప్రపంచయుద్ధమున కాయూరినుండి తొంబదిమందియు, రెండవ యుద్ధమునకు వేయిమందికిఁ బైగను వెళ్ళిరని గ్రామస్థులు చెప్పుకొందురు. తండ్రి వెనుకఁ గొడుకు, కొడుకు వెనుక మనుమఁడు పటాలమునఁ జేరుట యచటి కుటుంబములకు వాడుక. ఆ యూరు తన సైనికులను మఱవలేదు; వారికి స్మారకమును గట్టుకొన్నది. ఒక గ్రామము చేయఁగలిగినపనిని బెద్ద సంఘములు చేయలేకుండుట మనకు గౌరవము గాదు.

ఇఁక వైమానిక దళముయొక్క కథ. భారత వైమానిక దళము 1932 అక్టోబరు 8వ తేదీన స్థాపింపఁబడెను. 1933 ఏప్రిలు 1వ తేదీన కరాచీ దగ్గఱ నాలుగు వాపిటీ విమానములతో దాని మొదటి దళము పని నారంభించెను. వాపిటీ యనునది రెండంతస్తుల ఱెక్కలు గలిగి, పైకప్పు లేని యాసనములతో నుండు విమానము. నడపువాని ముఖమునకు గాలియు, వానయు నేరుగఁ దగులును. 1939లో యుద్ధము వచ్చినపుడు ప్రభుత్వమువారు స్వచ్ఛంద వైమానికుల దళమును సమకూర్చి, సముద్రతీర రక్షణకై చిన్న దళముల నేర్పఱచిరి. విశాఖపట్టణమునను అట్టి దళ మొకటి యుండెను. విమానవిద్యా సంఘములలో నేర్చుకొన్న యువకులును, పౌరవిమానములు నడపుచుండిన వారును అందుఁ జేరిరి. కాఁబట్టి యా దినములలో దారి పౌరవృత్తినుండి సైన్యమునకుఁ బోయినది. యుద్ధము ముగిసిన పిదప నదే దారి వెనుకకుఁ దిరిగినది.

సైన్యమునుండి పౌరవిమానములకు వచ్చుట మన దేశమున నంతకు మునుపును లేకపోలేదు. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటాగారు కరాచీనుండి బొంబాయికిఁ దపాలా సంచులతో విమానము నడపిన సంగతి యెల్లరు నెఱుఁగుదురు. ఆ సంచులను బొంబాయినుండి బళ్లారి మీఁదుగా మదరాసునకుఁ గొనిపోయిన వాఁడు నెవిల్ విన్సెంటు. ఈతఁ డింగ్లీషు వైమానిక దళమునఁ గొలువు చేసి విరమించినవాఁడు. టాటాగారికిఁ దపాలా విమానముల యాలోచన చెప్పినవాఁడును ఈతఁడే. 1942లో యుద్ధకార్యమున విమానప్రయాణము చేయుచు మరణించెను. మొదటి పేరు లోకమునకుఁ దెలిసినది. రెండవ పేరు తెలిసినవారు కొలఁదిమంది. మన పెద్దల గతియు నిట్టిదే.

1945లో యుద్ధము ముగియఁగా వేలకొలఁది డకోటా విమానములు సైన్యమునకు నక్కఱ లేనివయ్యెను. వానిని జౌకగాఁ గొని పెక్కు సంస్థలు వెలసినవి. హైదరాబాదున దక్కన్ ఎయిర్‌వేసు ఆ సంవత్సరముననే స్థాపింపఁబడెను. సైన్యమున నెంత నేర్చినవాఁడైనను పౌరవిమానము నడపుటకు వేఱుగఁ బరీక్ష యిచ్చి లైసెన్సు సంపాదింపవలసి యుండెను. నిన్న దళమునకు నాయకుఁడై యున్నవాఁడు నేఁడు ప్రక్క యాసనమునఁ గూర్చుండి మరల నేర్చుకొనవలసి యుండెను. అయినను రెండు కొలువుల నడుమ గోడ దట్టమైనది గాదు. 1947 అక్టోబరు 27వ తేదీన మన సేనలను శ్రీనగరమునకుఁ జేర్చినపుడు వైమానిక దళపు డకోటాలతో బాటు పౌరసంస్థల డకోటాలును బనిచేసెను. 1949 జనవరినుండి బొంబాయి, కలకత్తా, మదరాసు, ఢిల్లీ నగరముల తపాలా విమానములు రాత్రివేళ నాగపురమునఁ గలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవాఱునప్పటికి మరలిపోవుచుండెను. ఏలూరిలో నుత్తరము నందుకొన్న గృహస్థునకు దానికొఱకు నిద్ర మాని చీఁకటిలో నెగిరినవాఁ డొకఁ డుండెనని తెలియదు. 1953 ఆగస్టు 1వ తేదీన దక్కన్ ఎయిర్‌వేసుతోఁ గూడ నెనిమిది సంస్థలు జాతీయము చేయఁబడి, ఇండియన్ ఎయిర్‌లైన్సుగా నేర్పడినవి.

ఇప్పుడు మేము ముఖ్యముగఁ జెప్పఁదలఁచిన మాట చెప్పుదుము. ఈ రెండు కొలువులకు ధర్మము లొకటి గావు. యుద్ధమున వైమానికుఁడు ముందునకుఁ బోవుట ధర్మము. ప్రయాణికులను గొనిపోవువానికి నవసర మైనపుడు వెనుకకు మరలుట ధర్మము. మబ్బు పట్టినపుడు, యంత్రపు శబ్దము మాఱినపుడు, దిగవలసిన బాట కనఁబడనపుడు, తొందరపడువా రెందఱున్నను దిరిగి వచ్చి క్షేమముగ దింపుటయే యాతని పౌరుషము. కొల్లేటి లంకల బెస్తవారు గాలి చూచి దోనె వేయుదురు. గాలి మంచిది గానినాఁడు దోనెను గట్టునఁ గట్టి యూరకుందురు. అట్టి వానిని బిఱికివాఁడని లంకలలో నెవ్వరు ననరు. మొదటి కొలువున నేర్చిన ధైర్యమును రెండవ కొలువున నడఁచుకొనుట యెంత కష్టమో యోజింపుఁడు.

మొదటి కొలువునకుఁ బతకము లున్నవి. రెండవదానికి లేవు. ముప్పదియేండ్లు విమానములు నడపి యొక్క ప్రమాదమును లేక విరమించినవానిగూర్చి పత్రికలు వ్రాయవు. ఏమియు జరుగకపోవుటయే యాతని ఘనత. ఆ ఘనతకు సాక్ష్య మొక్కటే కలదు: అతని లాగ్‌బుక్కు. అందుఁ బ్రతి ప్రయాణమునకు తేది, విమానపు రకము, దాని గుర్తు, బయలుదేఱిన యూరు, దిగిన యూరు, పగలు నడపిన గంటలు, రాత్రి నడపిన గంటలు వరుసగ వ్రాయఁబడియుండును. పెద్దవారు గతించిన పిదప నా పుస్తకములు పాత పెట్టెలలోఁ జెదలు పట్టుటయో, కాగితములవానికిఁ దూఁకమునకు వేయఁబడుటయో జరుగుచున్నది. ఆ నష్టమును బూరించుట యెవ్వరితరము గాదు.

కావున సభవారికి మా విన్నప మిది. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలలోఁ బ్రతి గ్రామసంఘమును దమ తమ వైమానిక కుటుంబములను దర్శించి, లాగ్‌బుక్కులకును, సేవాపత్రములకును బ్రతులు తీయించి భద్రపఱుపవలయును. జీవించియున్న పెద్దల మాటలను వారి నోటనే విని వ్రాసికొనవలయును. వారి భార్యల మాటలను విడువరాదు. రాత్రి విమానము వచ్చువఱకు మేలుకొని యున్నవారు వారే గదా. వైమానికుఁడన నడపువాఁ డొక్కఁడే గాఁడు. యంత్రము బాగుచేసినవాఁడును, నిస్తంత్రీవార్త పంపినవాఁడును, దారి లెక్కించి చెప్పినవాఁడును అందుఁ జేరుదురు. మఱియొక హెచ్చరిక: ఎవరిని గాని నిదర్శనము లేక "ప్రథమాంధ్ర వైమానికుఁ" డని వ్రాయకుందుము. అబద్ధపు బిరుదు తగిలించినచో నిజమైన ముప్పదియేండ్ల కొలువును దానితోఁబాటు శంకింపఁబడును.

కొల్లేటికి శీతకాలమున దూరదేశపు పక్షులు వచ్చి, కాలము తీఱఁగనే పోవును. 1999లో నా సరస్సు పక్షుల కభయారణ్యముగఁ బ్రకటింపఁబడెను. వాని రాకపోకలను లెక్కించి వ్రాసిపెట్టు వారున్నారు. మన యూళ్ళనుండి యెగిరి, మన యూళ్ళకే వచ్చి వ్రాలిన వృద్ధుల రాకపోకలను లెక్కించి వ్రాయుట మన పని. వచ్చు మహాసభనాఁటికిఁ గనీస మొక్క లాగ్‌బుక్కునైనను సభాముఖమునఁ జదువఁగలిగినచో, ఆ రెండు వాక్యముల చరిత్రకు మూఁడవ వాక్యము మొదలైనట్లే యని మేము తలంతుము.