సమతామూర్తి నీడలో మూడు రోజుల లెక్క

మా అక్క కొడుకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఒక శనివారం సాయంత్రం వాళ్ళ ఆఫీసు మిత్రులు కొందరు ముచ్చింతల్ పోదామనుకున్నారు. వాడు మా అమ్మను కూడా తీసుకుపోతానన్నాడు. అమ్మకు డెబ్బై దాటాయి. "నువ్వు గూడ రా మామా, ఊకె పుస్తకాలు సదివితే ఎట్ల" అని నన్నూ కారెక్కించాడు. గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి, శంషాబాద్ దగ్గర దిగి, ముచ్చింతల్ చేరేసరికి పొద్దు వాలింది. అక్కడ మా అమ్మ అడిగిన ఒక ప్రశ్న ఈ వ్యాసం రాయడానికి కారణం.

ముందు ఆ చోటు గురించి నాలుగు మాటలు. చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో కట్టిన ఈ క్షేత్రంలో కూర్చున్న భంగిమలో రామానుజుడి పంచలోహ విగ్రహం ఉంది. పీఠంతో కలిపి ఎత్తు 216 అడుగులు. కింద 54 అడుగుల భద్రవేది. విగ్రహం భాగాలను చైనాలో పోతపోయించి, ఇక్కడికి తెచ్చి జోడించారు. 2022 ఫిబ్రవరి 5న ప్రధాని నరేంద్ర మోదీ దీన్ని జాతికి అంకితం చేశారు. లోపల 120 కిలోల బంగారు రామానుజ విగ్రహం ఉంది. రామానుజుడు 120 ఏళ్ళు బతికాడని సంప్రదాయం చెబుతుంది, అందుకే 120 కిలోలు. దాన్ని అదే నెల 13న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆవిష్కరించారు. ఆయన దళితుడన్న సంగతి మనకందరికీ తెలుసు. చుట్టూ 108 దివ్యదేశాల నమూనా గుళ్ళు. చీకటి పడ్డాక నీళ్ళూ, రంగుల వెలుగులూ, పాటలతో తామరపువ్వు ఫౌంటెన్. మొత్తానికి పెట్టిన పేరు సమతామూర్తి.

మా గుంపుకు అన్నీ చూపిస్తూ వచ్చిన కుర్రవాడు మర్యాదస్తుడు. ముసలామెను చూసి నెమ్మదిగా నడిచాడు. విగ్రహం ముందు నిలబడి తిరుక్కోట్టియూర్ కథ చెప్పాడు. గురువు రహస్యంగా ఉంచమన్న మంత్రాన్ని రామానుజుడు గుడి గోపురం ఎక్కి అందరికీ వినిపించాడు. గురువు మాట తప్పితే నరకానికి పోతావంటే, ఇంతమంది తరిస్తుంటే నేనొక్కణ్ణి నరకానికి పోయినా ఫరవాలేదన్నాడు. కథ బాగుంది. అందరూ చేతులు జోడించారు. అమ్మ కూడా జోడించింది. తర్వాత ఆ అబ్బాయిని మెల్లగా అడిగింది:

"బిడ్డా, గాయన గోపురమెక్కి చెప్పినప్పుడు మనోల్లు యాడ నిలవడ్డరు?"

ఆ అబ్బాయికి అర్థం కాలేదు. "అందరూ కిందే ఉన్నారమ్మా" అని నవ్వి ముందుకు నడిచాడు. మా అక్క కొడుకుకు మాత్రం అర్థమయింది. "అమ్మమ్మా, ఇప్పుడు గివన్నీ ఎందుకు? టిక్కెట్ కాడ మనల్ని ఎవడన్న కులం అడిగిండా?" అన్నాడు.

ఇద్దరి మాటా న్యాయమైనదే. టిక్కెట్ దగ్గర ఎవరూ కులం అడగలేదు. అడగకపోవడం ఎవరి వల్ల, ఎప్పటినుంచి వచ్చింది? చరిత్ర విద్యార్థులుగా మనం చూడాల్సింది ఇదే.

రామానుజుణ్ణి తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. బ్రాహ్మణుడు కాని కాంచీపూర్ణుణ్ణి ఆయన గురువుగా భావించాడు. ఆయన గురువుల్లో ఒకరైన పెరియ నంబి, అంటరాని కులంవాడని చెప్పే మారనేరి నంబికి అంత్యక్రియలు చేసి సాటి బ్రాహ్మణుల ఆగ్రహానికి గురయ్యాడు. ఆ కాలానికి ఇవి చిన్న పనులు కావు. వైష్ణవ గురుపరంపర కథలే వీటిని దాచుకున్నాయి కాబట్టి వీటిని మనం కూడా గుర్తుపెట్టుకోవాలి.

కానీ ఆ కాలపు ఊరు ఎట్లా ఉండేది? రామానుజుడు పుట్టింది 1017లో అని సంప్రదాయం. దానికి కొద్ది ఏళ్ళ ముందే తంజావూరు పెద్దగుడి గోడల మీద రాజరాజ చోళుడు శాసనాలు చెక్కించాడు. గుడికి రాసిచ్చిన ఊళ్ళ లెక్కలో పన్ను లేని స్థలాలను వరుసగా చెబుతూ, ఊరి నివాసాలు వేరుగా, 'పరైచ్చేరి' వేరుగా, 'తీండాచ్చేరి' వేరుగా రాశారు. తీండాచ్చేరి అంటే అంటరానివాళ్ళ వాడ. అంటే వెలివాడ అప్పటికే రాజు లెక్కల్లోకి ఎక్కింది, గుడి గోడ మీద అక్షరమయింది. ఊరు, చేరి విడిగా ఉన్న ఆ నేల మీద గోపురం నుంచి పలికిన మాట చేరి దాకా వినబడిందా? మా అమ్మ అడిగింది అదే.

వినబడిందని చెప్పడానికి ఎక్కువగా చూపే ఉదాహరణ కర్ణాటకలోని మేల్కోటె. చోళరాజు వేధింపు నుంచి తప్పించుకొని రామానుజుడు హొయసల రాజ్యానికి వచ్చాడు. మేల్కోటె ఉత్సవమూర్తి ఢిల్లీ సుల్తాను దగ్గర ఉంటే వెళ్ళి తెచ్చాడనీ, దారిలో దొంగలు అడ్డుపడితే అంటరాని కులాలవాళ్ళు కాపాడారనీ, ఆ కృతజ్ఞతతో వాళ్ళకు 'తిరుక్కులత్తార్' అంటే పవిత్ర కులస్థులు అనే పేరిచ్చి గుడి ప్రవేశం కల్పించాడనీ కథ. ఢిల్లీలో సుల్తానుల రాజ్యం మొదలయింది 1206లో. సంప్రదాయం ప్రకారం రామానుజుడు పోయింది 1137లో. కాబట్టి కథ ఈ రూపంలో తర్వాతి కాలంలో అల్లుకున్నది. అయినా ఆచారం మాత్రం నిజం. బ్రిటిష్ కాలపు మైసూరు గెజిటీర్లలో ఇది నమోదయింది. హొలెయలకూ మాదిగలకూ మేల్కోటె గుడిలోకి ఏటా ఉత్సవంలో మూడు రోజులు ప్రవేశం.

మూడు రోజులు! మిగతా 362 రోజుల సంగతేమిటి? ప్రాణాలకు తెగించి దేవుణ్ణి కాపాడినందుకు బహుమానం ఏడాదికి మూడు రోజులయితే, మిగతా ఏడాది గుడి బయట ఉంచడం నియమమన్నమాట. మినహాయింపు ఇచ్చిన చేతికే నియమం మీద కూడా అధికారం ఉంటుంది. దయకూ హక్కుకూ తేడా ఇక్కడే ఉంది. దయకు రోజుల లెక్క ఉంటుంది, హక్కుకు ఉండదు.

ఇది పాత సంగతి అనుకోవద్దు. 2018 ఏప్రిల్ 16న మన హైదరాబాద్ జియాగూడలో రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత యువకుణ్ణి చిలుకూరు బాలాజీ గుడి అర్చకుడు సి.ఎస్. రంగరాజన్ భుజాల మీద మోసుకెళ్ళారు. దీన్ని మునివాహన సేవ అన్నారు. దీనికి మూలం తిరుప్పాణాళ్వార్ కథ. పాణర్ కులంలో పెరిగిన ఆ భక్తుడు శ్రీరంగం నేల మీద కాలు పెట్టడానికి సాహసించక కావేరి ఒడ్డునుంచే పాడుకునేవాడు. లోకసారంగుడనే అర్చకుడు రాయి విసిరి గాయపరిచాడు. దేవుడు కోపించి, అతణ్ణి భుజాల మీద మోసుకురమ్మన్నాడు. ఆ యువకుణ్ణి మోసిన అర్చకుడి మనసును నేను శంకించను. కుల వివక్షకు వ్యతిరేకంగానే ఆయన ఆ పని చేశారు. కానీ కథను ఒకసారి మళ్ళీ చదవండి. ఆ భక్తుడు తన కాళ్ళతో నడిచి లోపలికి పోయే ఘట్టం అందులో ఎక్కడుంది?

మన కవి జాషువా 1941లో 'గబ్బిలం' రాశారు. గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలానికి ఉన్న ప్రవేశం తనకు లేని మనిషి, శివుడికి ఆ గబ్బిలం చేత కబురంపడం ఆ కావ్య వస్తువు. అప్పటికి రామానుజుడు పోయి ఎనిమిది వందల ఏళ్ళు. తెలుగు నేల మీద దళితుడికీ దేవుడికీ మధ్య ఇంకా గబ్బిలమే రాయబారి.

మరి తలుపులు ఎట్లా తెరుచుకున్నాయి? 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన దళితుల మహాసభ జరిగింది. 'పంచమ' పేరును తోసిపుచ్చి 'ఆది ఆంధ్ర' అనే పేరు ముందుకొచ్చింది అక్కడే. సభకొచ్చినవాళ్ళు ఎక్కడ లోపలికొస్తారో అని కనకదుర్గ గుడి మూసేశారు. మనవాళ్ళు సంఘంగా కూడితే గుడికి తాళం పడింది. హైదరాబాద్‌లో అదే భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. 1910లో ఈసామియా బజారులో బడి తెరిచారు. 1931 జనాభా లెక్కల్లో తమను 'ఆది హిందువు'లుగా రాయించుకునే దాకా పోరాడారు. పవిత్ర కులమని ఎవరో పేరు పెట్టేదాకా ఆగలేదు. తమ పేరు తామే పెట్టుకున్నారు, తమ బడి తామే కట్టుకున్నారు.

అంబేద్కర్ 1930 మార్చిలో నాసిక్ కాలారామ్ గుడి సత్యాగ్రహం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి సాగినా తలుపు తెరుచుకోలేదు. 1933 ఫిబ్రవరిలో రంగ అయ్యర్ ఆలయ ప్రవేశ బిల్లు వచ్చినప్పుడు ఆయన దాన్ని సమర్థించలేదు. అంటరానితనం పాపమని ఆ బిల్లు ఒప్పుకోలేదు, గుడి తెరవాలా వద్దా అన్నది సవర్ణుల ఓటుకు వదిలేసింది. 1935లో యేవలాలో తాను హిందువుగా చావనని ప్రకటించారు. ఆ తర్వాత ఆయన చేతి మీదుగానే రాజ్యాంగంలోకి 17వ అధికరణం వచ్చింది. అంటరానితనం రద్దయింది. హిందూ ఆలయాలను అన్ని తరగతులకూ తెరిపించే అధికారం 25వ అధికరణం రాజ్యానికిచ్చింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1957లో మూల్కి వెంకటరమణ ఆలయం కేసులో సుప్రీం కోర్టు, గుడి ఒక శాఖదైనా సరే అందరికీ తలుపు తెరవాల్సిందేనంది. కొన్ని సేవలు మాత్రం ఆ శాఖవాళ్ళకే ఉంచుకోవచ్చని కూడా అంది.

టిక్కెట్ దగ్గర మా అక్క కొడుకును కులం అడగకపోవడం వెనుక ఉన్నది ఈ చరిత్ర. అది అంబేద్కర్ రాసిన సమత. అది కూడా ఇంకా పూర్తి కాలేదు. వంశపారంపర్య అర్చకత్వాన్ని తమిళనాడు 1970లో చట్టం చేసి రద్దు చేసింది. 1972లో సుప్రీం కోర్టు ఆ రద్దును ఒప్పుకుంటూనే, ఆగమాలు చెప్పిన శాఖవాళ్ళే విగ్రహాన్ని తాకాలన్న కట్టుబాటును మిగిల్చింది. మన రాష్ట్రంలో 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య హక్కులను తీసేసింది, 1996లో కోర్టు దాన్ని నిలబెట్టింది. కేరళలో తిరువాన్కూర్ దేవస్వం బోర్డు 2017లో ఆరుగురు దళితులను అర్చకులుగా ఎంపిక చేసింది. 2021లో తమిళనాడు ప్రభుత్వం వివిధ కులాలకు చెందిన శిక్షితులను అర్చకులుగా నియమించింది. గుడి ప్రవేశమంటే ధ్వజస్తంభం దాకానా, గడప దాకానా, గర్భగుడి దాకానా? ఈ లెక్క ఇంకా తేలలేదు.

మా అక్క కొడుకుకు ఇంకో మాట కూడా చెప్పాను. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయినప్పుడు అప్పటి ప్రధాని వాజ్‌పేయి వచ్చారు. ఆ చుట్టుపక్కల లేచిన బిల్డింగులకు కాంక్రీటు మోసిన పాలమూరు లేబర్‌లో వాళ్ళ తాత ఒకడు. తాత కట్టిన బిల్డింగులోకి మనవడు మెడలో కార్డు వేసుకొని పోతున్నాడు. ఆ కార్డు వాడికి సోషల్ వెల్ఫేర్ హాస్టలు, స్కాలర్‌షిప్, కాలేజీలో రిజర్వేషను సీటు ఇచ్చాయి. ఆ బిల్డింగు లోపల మాత్రం రిజర్వేషను లేదు. అక్కడి సమత ఎవరి దయ మీద నడుస్తోందో వాడే చూసుకోవాలి. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు.

సమత పేరుతో ఇప్పుడు రెండు విగ్రహాలు మన ముందున్నాయి. ముంబై ఇందూ మిల్లు స్థలంలో తలపెట్టిన అంబేద్కర్ స్మారకానికి కూడా ఇంగ్లీషులో స్టాచ్యూ ఆఫ్ ఈక్వాలిటీ అనే పేరే పెట్టారు. 2015 అక్టోబరులో దానికి శంకుస్థాపన చేసింది కూడా ప్రధాని మోదీయే. హైదరాబాద్‌లో సచివాలయం పక్కన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం 2023 ఏప్రిల్ 14న లేచింది. ఎవరి విగ్రహం ఎత్తు అన్న పోటీ మనకొద్దు. ఒకే మాటను ఇద్దరికీ తగిలిస్తే, మూడు రోజుల అనుమతీ 17వ అధికరణమూ ఒకటే అన్నట్టు అయిపోతుంది. ఆ గందరగోళంలో మనవాళ్ళ పోరాటం కనబడకుండా పోతుంది. అభ్యంతరం అక్కడే.

చీకటి పడ్డాక ఫౌంటెన్ మొదలయింది. అమ్మ సంతోషంగానే చూసింది. కారులో తిరిగొస్తుంటే అడిగాను, మన ఊరి రామాలయంలోకి నువ్వు మొదటిసారి ఎప్పుడు పోయినవ్ అని.

"అంతకుముందు ధ్వజస్తంభం కాడికి గూడ రానియ్యకపోతుండిరి. మన పోరగాండ్లు కేసు పెడ్తమని గట్టిగ నిలవడ్డంక పోయినం. నీ పదో తరగతి అయిపోయిన ఎండకాలం. నేను, మీ చిన్నమ్మ, ఇంక నలుగురం. కాళ్ళు వణికినయ్ బిడ్డా."

నా పదో తరగతి అయిపోయింది 1991లో. అత్యాచారాల నిరోధక చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి ఏడాది దాటింది. రాజ్యాంగం వచ్చి నలభై ఒక్క ఏళ్ళు. మా ఊళ్ళో గుడి తలుపు తెరుచుకున్న తేదీ ఇది. ఏ శాసనంలోనూ ఇది లేదు, ఏ గెజిటీర్‌లోనూ లేదు. మా అమ్మ దగ్గర మాత్రమే ఉంది.

ఇట్లాంటి తేదీ ప్రతి ఊళ్ళో ఉంటుంది. విద్యార్థులు, టీచర్లు, సంఘాల్లో పనిచేసేవాళ్ళు తమ తమ ఊళ్ళలో పెద్దవాళ్ళను అడగండి. మొదట ఎవరు పోయారు, ఏ ఏడాది, ఎందాకా పోయారు, ఎవరు అడ్డుకున్నారు, ఆ తర్వాత కూలికి పిలిచారా లేదా, అన్నీ రాసుకోండి. ఇంకా తెరుచుకోని గుళ్ళుంటే అవీ రాయండి. ఆ తరంవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. గోపురం ఎక్కి చెప్పినవాళ్ళ కథలు నిలిచిపోయాయి. వణికే కాళ్ళతో గడప దాటిన ఆడవాళ్ళ కథలు మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.