వాకిటి కావలి

క్రిందటి యేడు మా మేనల్లుడొకడు పట్టణపు శివారున ఇల్లు కట్టుకొనెను. ఇంటిచుట్టును అరయెకరము దొడ్డి. అందు కొబ్బరిచెట్లు, ఒక పాడిగేదె, గడ్డివామి. గృహప్రవేశమైన నాలుగు నెలలకే ఒక రాత్రి గోడ దూకివచ్చి యెవరో బావివద్దనున్న మోటారును విప్పుకొనిపోయిరి. మరునాడే అతడు మా యింటికి వచ్చి, "మామయ్యా! ఒక మంచి కుక్కను తెచ్చుకోవాలని ఉంది. ఏ జాతిదైతే బాగుంటుంది?" అని అడిగెను.

జాతుల పేర్లు నాలుగు చెప్పి పంపివేయుట సులభమే. కాని ఇంటి కావలికి కుక్కను ఎన్నుకొనుట క్రొత్త పని కాదు. వేల యేండ్లుగా మనుష్యుడు ఈ యెన్నికను చేయుచునే యున్నాడు. ఒక్కొక్కప్పుడు బాగుగా ఎన్నుకొనెను; ఒక్కొక్కప్పుడు మోసపోయెను. ఆ చరిత్రను కొంత తిరుగవేసి, పిమ్మట మేనల్లునికి బదులు చెప్పుదమని తలచితిమి.

ఇరాకు దేశమున టైగ్రిసు నదీతీరమందు నినెవె అను ప్రాచీన నగరపు శిథిలములు కలవు. అస్సీరియా చక్రవర్తి అషుర్బనిపాలుని రాజభవనమును అచ్చట త్రవ్వినప్పుడు, క్రీ.పూ. 7వ శతాబ్దమునాటి ఐదు చిన్న మట్టికుక్కలు బయల్పడినవి. దుష్టశక్తులు లోనికి రాకుండ ద్వారమువద్ద వానిని పాతిపెట్టియుండిరి. నేడవి లండనులోని బ్రిటిషు మ్యూజియమునందున్నవి. ఒక్కొక్క కుక్క ప్రక్కమీద దాని పేరు చెక్కబడియున్నది. ఒక పేరునకు 'శత్రువును పట్టునది' అని అర్థము. మరియొక దానికి 'ఆలోచింపక కరచునది' అని. వేరొక దానికి 'బిగ్గరగా మొరుగునది' అని. కరచుటయా, మొరుగుటయా, కావలికుక్కకు ఏది ముఖ్యమను ప్రశ్న ఆనాడే ఆ మట్టిబొమ్మలయందు కనబడుచున్నది.

మన ఋగ్వేదమున ఏడవ మండలమందలి యేబదియైదవ సూక్తములో ఇంటికుక్క ప్రస్తావన కలదు. ఇంటిల్లిపాదిని నిద్రపుచ్చు మంత్రమది. దొంగను చూచి మొరుగుము, మమ్ము చూచి యెందుకు మొరిగెదవని అందు కుక్కను మందలింతురు. తనవారిని, పైవారిని వేరుపరచి గుర్తించుటయే కావలికుక్క ధర్మమని ఆనాటి వారు ఎరిగియుండిరనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

మొరుగని కుక్కవలన కలుగు కీడును గూర్చి రోమనులు ఒక గాథ చెప్పుకొనెడివారు. క్రీ.పూ. 390 ప్రాంతమున గాల్ జాతివారు రోము నగరమును పట్టుకొని, కాపిటోలు కొండమీది కోటను ముట్టడించిరట. ఒక రాత్రి శత్రువులు సద్దుచేయక కొండ నెక్కుచుండగా కుక్కలు పసికట్టలేదు. జూనో దేవి కోవెలలోని బాతులు అరచి, మాన్లియస్ అను వీరుని మేలుకొలిపినవి, కోట దక్కినది. తరువాత చిరకాలము రోములో ఏటేట ఒక బాతును పల్లకిలో ఊరేగించి, ఒక కుక్కను కొయ్యకు కొట్టి చంపెడివారని ఆనాటి గ్రంథకర్తలు వ్రాసిరి. శిక్ష క్రూరమైనది, కాని అందలి తలంపు స్పష్టము. కుక్క కరవలేదని కాదు, మేలుకొలుపలేదని వారి కోపము.

ఆ రోమనులే కుక్కను ఎన్నుకొను విధమును శాస్త్రముగా వ్రాసిపెట్టిరి. క్రీ.పూ. 2వ శతాబ్దమువాడైన కేటో తన వ్యవసాయ గ్రంథములో, కుక్కలను పగలు మూసియుంచినచో రాత్రి చురుకుగా మెలకువతో నుండునని చెప్పెను. క్రీ.శ. 1వ శతాబ్దమున కొలుమెల్లా ఇంకను వివరముగా వ్రాసెను. పొలమునందలి యింటిని కాచు కుక్క భారీగా నుండవలెను. తల పెద్దది, రొమ్ము వెడల్పైనది కావలెను. దాని గొంతు గంభీరముగా నుండి, కంటికి కనబడక మునుపే దొంగను బెదరగొట్టవలెను. వేగముగా పరుగెత్తనక్కరలేదు, అది ఇంటిని విడిచి దూరము పోవునది కాదు గదా! స్వభావము మరీ సాధువైనచో దొంగకును తోక యాడించును. మరీ క్రూరమైనచో ఇంటివారినే కరచును. పేరు కూడ పొడుగు కారాదు. పిలిచిన వెంటనే వినబడునట్లు రెండక్షరములుండిన చాలును. ఇవియన్నియు నేటికిని చెల్లు మాటలే.

కాని కొలుమెల్లా రంగును గూర్చియు ఒక నియమము పెట్టెను. గొఱ్ఱెలను కాచు కుక్క తెల్లనిది కావలెను, చీకటిలో తోడేలని భ్రమపడి కాపరి కొట్టకుండుటకు. ఇంటిని కాచునది నల్లనిది కావలెను, పగలు భయంకరముగా కనబడుటకును, రాత్రి దొంగకు కనబడకుండుటకును. అతని యుక్తి బాగుగనే యున్నది. కాని రంగును చూచి కుక్కను కొను అలవాటు మనుష్యుని వదలలేదు. అది మున్ముందు ఎంత నష్టము తెచ్చెనో తరువాత చెప్పెదము.

అందమును, బలమును ఎంచి తెచ్చుకొన్న కుక్కకు తిండి పెట్టనిచో ఏమగును? హితోపదేశములోని చాకలివాని కథ మనకందరకును తెలిసినదే. ఇంట దొంగ పడినప్పుడు కుక్క పలుకలేదు. యజమానుడు తనకు కూడు పెట్టుట మానెనని దాని అలుక. గాడిద ఓండ్ర పెట్టి, నిద్ర చెడగొట్టినందుకు దెబ్బలు తిని చచ్చెను. 'కుక్క పని కుక్క, గాడిద పని గాడిద' అని మనము ఆ కథకు నీతి చెప్పుకొందుము. ఆ నీతి గాడిదకు సంబంధించినది. యజమానునకు సంబంధించిన నీతి వేరొకటి కలదు: ఆకలిగొన్న కావలి కావలి కాదు.

ఆదరించిన చోట కుక్క యెట్లుండునో చెప్పు శిల మన పొరుగుననే యున్నది. తమిళనాడులో తిరువణ్ణామలై ప్రాంతమున ఎడత్తనూరు అను గ్రామమందు, పల్లవరాజు మహేంద్రవర్మ కాలమునాటి వీరగల్లు ఒకటి కలదు. 7వ శతాబ్దములో పసులకొరకు జరిగిన పోరున ఒక వీరుడు పడిపోయెను. అతని కుక్క దొంగలను కరచి, యజమానుని వద్దనే కావలి నిలిచెనట. ఆ కుక్క పేరు కోవివన్. ఆ పేరును శాసనములో చెక్కి, వీరుని బొమ్మప్రక్క దాని బొమ్మనును నిలిపిరి. పదునాలుగు వందల యేండ్లనాటి గ్రామజనులు తమ కుక్కకు చేసిన సత్కారమిది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన దృశ్యమును ఇటలీలోని పాంపే నగరమున చూడవచ్చును. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము బ్రద్దలై ఆ నగరమును బూడిదలో పూడ్చివేసెను. అచ్చటి యొక యింటి వాకిట రంగురాళ్లతో గొలుసుకుక్క బొమ్మను కూర్చి, క్రింద 'కుక్క యున్నది జాగ్రత్త' అను అర్థమునిచ్చు మాటలు వ్రాసిరి. నేటి మన గేట్ల మీది పలకకు అది ముత్తాత. మరియొక యింటి వాకిట 1874లో నిజమైన కుక్క ఆకారమే దొరకినది. గడ్డకట్టిన బూడిదలో దేహము శిథిలమై యేర్పడిన బోలులోనికి గచ్చు పోసి దాని రూపమును నిలిపిరి. మెడకు పట్టెడ యున్నది. దేహము మెలిదిరిగి, కాళ్లు పైకెత్తియున్నవి. ఇంటివారు విడువక పోయిరి. రాలుచున్న రాళ్లపై పైపైకి ఎక్కి, గొలుసు అందినంతవరకు ప్రాకి, అది అచ్చటనే ప్రాణము విడిచెను. ఎంత శ్రేష్ఠమైన కుక్కను ఎన్నుకొనిరో మనకు తెలియదు. దానిని కట్టి మరచిపోయిరని మాత్రము తెలియుచున్నది.

ఈ మరపు నేరమని మన దేశపు చట్టమే చెప్పుచున్నది. 1960లో చేసిన జంతుహింసా నివారణ చట్టము ప్రకారము, మరీ పొట్టిదో మరీ బరువైనదో అగు గొలుసుతో జంతువును తగని కాలము కట్టియుంచుట దోషము. ఎప్పుడును కట్టియుంచు కుక్కను తగినంత త్రిప్పకపోవుటయు దోషమే. ఇది దయకు సంబంధించిన మాట మాత్రమే కాదు. పగలెల్ల గుంజకు కట్టుబడియున్న కుక్క గాలికిని ఆకుకును మొరుగును. అన్నిటికి మొరుగు కుక్క మాటను ఇంటివారు వినుట మానుదురు. నిజముగా దొంగ వచ్చిననాడు దాని మొరుగునకు విలువ యుండదు.

ఇక నేటి పేరుమోసిన జాతులకు వత్తము. జర్మనీలోని అపోల్డా పట్టణమున 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున డాబర్మన్ అనునతడు తనకు కావలిగా నుండు కుక్కలను పెంపుచేసెను. వానికి అతని పేరే నిలిచెను. 1899లో స్టెఫానిట్స్ అను జర్మను సైనికోద్యోగి గొఱ్ఱెల కుక్కలనుండి ఒక జాతిని తీర్చెను. మనవారు ఆల్సేషియన్ అని పిలుచు కుక్క అదియే. అందముకంటె పనికివచ్చుటయే ముఖ్యమని అతని పట్టుదల. ఇవి శ్రేష్ఠములే. కాని ఆల్సేషియన్ దట్టమైన బొచ్చుగల చలిదేశపు కుక్క. మన మేనెల యెండలో నీడయు నీరును లేక దానిని గొలుసున కట్టుట, దానికి శిక్షయే గాని మనకు రక్షణ కాదు.

మన దక్షిణదేశమునందును కావలికి పేరుగన్న జాతులు కలవు. వానిలో రాజపాళయము కుక్కతో తెలుగువారికి ప్రత్యేకమైన చుట్టరికము కలదు. పడమటి కనుమల అడుగున నున్న రాజపాళయములో, పూర్వము ఆంధ్రదేశమునుండి తరలివెళ్లి స్థిరపడిన రాజుల కుటుంబములు ఉన్నవి. వారి యిండ్లలో తెలుగు నిలిచియున్నది. అచ్చటి కుక్క పొడవైన కాళ్లు, పొట్టి తెల్లని వెండ్రుకలు, గులాబిరంగు ముక్కు గలిగి మనోహరముగా నుండును. వేటకును, ఇంటి కావలికిని దానిని పెంచిరి. 2005లో భారత తపాలాశాఖ దాని బొమ్మతో బిళ్లను కూడ వెలువరించినది.

కాని కొనువారు తరతరములుగా మచ్చలేని తెలుపునే కోరిరి. రంగున్న పిల్లలకు విలువ లేకపోయెను. ఫలితముగా ఈ జాతిలో చెవుడు తరచుగా కనబడుచున్నది. కారణమిది: వెండ్రుకలకు రంగునిచ్చు కణములే లోపలి చెవియందును ఉండి వినికిడిని కాపాడును. అచ్చట అవి లోపించినచో పుట్టిన కొలది వారములలోనే చెవి చెడును. మచ్చలకు ప్రసిద్ధమైన డాల్మేషియన్ జాతిని అమెరికాలో పరీక్షించినప్పుడు, 100కి సుమారు 30 కుక్కలకు ఒక చెవియో రెండు చెవులో వినబడుటలేదని తేలినది. తెల్లని కుక్క యెల్ల చెవిటిది కాదు. కాని వినని కుక్క వాకిటనున్నను లేనట్లే.

మేనల్లుని వెంట మేమును ఒక ఊరికి పోయి అట్టి తెల్లని పిల్లలను చూచితిమి. అన్నిటికంటె తెల్లనిదానిని అతడు అప్పుడే చేతికెత్తుకొనెను. ఆ యింటి పెద్దమ్మగారు, "నాయనా, ఒక్కసారి దాన్ని కింద పెట్టు" అని, పిల్లల వెనుకకు పోయి తాళపుగుత్తిని మెల్లగా గలగలలాడించినది. నాలుగు పిల్లలు తలలు త్రిప్పినవి. తెల్లనిది మాత్రము నేలను వాసన చూచుచునే యుండెను. అమ్మజూపిన దానిని కాదని చెప్పిన ఆమె నిజాయితీకి మేము నమస్కరించితిమి.

చెవి పిమ్మట చూడవలసినది స్వభావము. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు దీర్ఘకాలము కుక్కపిల్లలను పరిశీలించి 1965లో గ్రంథము ప్రకటించిరి. పుట్టిన మూడవ వారమునుండి పండ్రెండవ వారమువరకు పిల్లకు మనుష్యులతో చెలిమి కుదురు కాలమని వారు తేల్చిరి. కనుక తల్లిపాలు మరచిన ఎనిమిదవ వారమున పిల్లను తెచ్చి, బిడ్డలకు, పాలవానికి, చుట్టాలకు అలవాటు చేయవలెను. భయస్తురాలైన కుక్కయే తరచు కరచును. చీకటిలో కొట్టి, మిరపకాయలు పెట్టి కుక్కను క్రూరముగా చేయవచ్చునని మన పల్లెలలో ఒక భ్రమ కలదు. అట్టి కుక్క మొదట కరచునది ఇంటిబిడ్డనే.

పిచ్చికుక్క కాటును గూర్చి ఒక మాట. 1885లో లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేసి బ్రతికించినది మొదలు ఈ వ్యాధిని నివారింపగలుగుచున్నాము. మన దేశమున 1900లో కసౌలీయందును, 1907లో కూనూరునందును పాశ్చర్ సంస్థలు వెలసినవి. బొడ్డుచుట్టు పొడుచు ఆ పాత సూదులు నేడు లేవు. పిల్లకు మూడవ నెలలో పశువైద్యునిచే టీకా వేయించి, ఆయన చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను. ఏ కుక్క కరచినను గాయమును సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. పసరులను, కారమును నమ్మరాదు. వ్యాధి లక్షణములు బయల్పడిన పిదప దాదాపు మందు లేదు.

మేనల్లునికి మేము చెప్పిన బదులు ఇంతే: జాతిని పిదప చూడుము, ముందు చెవిని, గొంతును, స్వభావమును చూడుము, అన్నిటికంటె ముందు, దానికి రోజును కొంత సమయము ఇయ్యగలవా యని నిన్ను నీవు చూచుకొనుము. అతడు చివరకు పొరుగువీథిలో పుట్టిన నాటుపిల్లను తెచ్చుకొనెను. గోధుమరంగు, ఒక చెవి నిలుచును, ఒకటి వ్రాలును. పేరు రెండక్షరములే: రాజు. పగలు అరుగుమీద పిల్లలనడుమ పండుకొనును. రాత్రి గొలుసు లేదు, దొడ్డియంతయు దానిదే. పాలవాడు వచ్చినప్పుడు ఒక్కసారి మొరిగి ఊరకుండును. గేటువద్ద క్రొత్తవాడు నిలిచినచో ఊరకుండదు. ఆ తేడా దానికి తెలిసినది, ఇంటివారికిని తెలిసినది. రాత్రి రేడియో కట్టివేసి పండుకొను వేళ, ఏ యింటివారికైనను వాకిటి కావలినుండి కావలసినది అదియే.