క్లినికల్ ట్రయల్ అనగానే సంతకం పెట్టేస్తున్నారా? ఆగండి.. ముందు ఇవి అడగండి!

ఆస్పత్రిలో "ఇక్కడ ఓ సంతకం పెట్టండి" అంటే మనలో చాలామంది చదవకుండానే పెట్టేస్తాం. కానీ ఆ కాగితం మందులు లేదా వ్యాక్సిన్ పరిశోధనకు సంబంధించిందైతే ఒక్క నిమిషం ఆగాల్సిందే. దాన్నే ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్ అంటారు. అంటే విషయం మొత్తం తెలుసుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా ఇచ్చే అంగీకారం అన్నమాట.

ఖమ్మంలో అప్పుడేం జరిగింది?

2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి కాపాడే టీకా ఇది. అమెరికా సంస్థ పాత్, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం అది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాగే చేశారు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దీన్ని ఆపించింది.

మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని విచారణ కమిటీ తేల్చింది. కానీ అసలు లోపం కన్సెంట్ ఫారాల్లో బయటపడింది. పరిశీలించిన 9,543 ఫారాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 ఫారాలపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారు! అంటే ఆ పిల్లల అమ్మానాన్నల సంతకం వాటిపై లేదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అడగాల్సిన వాళ్లను అడిగారా లేదా అన్నదే ప్రశ్న.

ఇప్పుడు రూల్స్ ఏం చెబుతున్నాయి?

2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం..

* వివరాలు మీకు అర్థమయ్యే భాషలో, నోటితో చెప్పాలి, రాతపూర్వకంగానూ ఇవ్వాలి.
* చదవడం రానివాళ్లయితే, వివరించేటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కనే ఉండాలి.
* పిల్లల విషయంలో తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకుల అనుమతి ఉండాలి. ఊహ తెలిసిన పిల్లల ఇష్టాన్ని కూడా అడగాలి.
* సంతకం చేసిన ఫారం కాపీ మీకు ఇవ్వాలి.
* ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం పొందే హక్కు ఉంటుంది.

సంతకానికి ముందు ఇవి అడగండి

ఇది మామూలు చికిత్సా, పరిశోధనా? రిస్కులేంటి? నేను చేరకపోతే వేరే ట్రీట్‌మెంట్ ఏముంది? ఏదైనా తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? ట్రయల్ వివరాలు సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఫ్రీగా చూసుకోవచ్చు.

అక్కడికక్కడే సంతకం పెట్టాల్సిన పనిలేదు. ఇంటికెళ్లి నలుగురితో మాట్లాడి చెప్పొచ్చు. చేరిన తర్వాత కూడా ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే బయటకు రావొచ్చు. వద్దన్నారని మీకు అందాల్సిన మామూలు వైద్యం ఆపకూడదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఇంట్లో పెద్దవాళ్లకూ చెప్పండి.