గొలుసు రంపం కార్బ్యురేటరు సర్దుబాటు

గొలుసు రంపం అనేది పళ్ళున్న గొలుసును ఇంజనుతో వేగంగా తిప్పి చెట్లను, దుంగలను కోసే యంత్రం. దీనిని వాడుకలో చైన్ సా, రంపం మిషన్ అని కూడా అంటారు. పెట్రోలుతో నడిచే రంపంలో గాలిని, ఇంధనాన్ని తగిన పాళ్ళలో కలిపి ఇంజనుకు అందించే భాగం కార్బ్యురేటరు. ఈ పాళ్ళు తప్పితే యంత్రం సరిగా కోయకపోవడమే కాక, పిస్టను సిలిండరులో బిగుసుకుపోయి ఇంజను పూర్తిగా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది.

ఉద్దానంలో అవసరం

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ప్రసిద్ధి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినపుడు ఈ తోటలు పెద్ద ఎత్తున నేలకూలాయి. రోడ్లకు అడ్డంగా పడిన చెట్లను యంత్ర రంపాలతో కోసి తొలగించవలసి వచ్చింది. తుఫాను ప్రాంతంలో నెలల తరబడి మూలన ఉన్న రంపం ఒక్కసారిగా రోజంతా పనిచేయవలసి వస్తుంది. పాత ఇంధనం, మూసుకుపోయిన వడపోత, తప్పు సర్దుబాటు అప్పుడే బయటపడతాయి.

పనిచేసే విధానం

జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్ గొలుసు రంపాన్ని, 1929లో పెట్రోలు రంపాన్ని తయారుచేశాడు. తేలుడు గిన్నె గల పాత కార్బ్యురేటర్లు యంత్రాన్ని నిటారుగా పట్టుకుంటేనే సరిగా పనిచేసేవి. తరువాత వచ్చిన పలుచని పొర గల కార్బ్యురేటరు వలన రంపాన్ని పక్కకు, తలకిందులుగా తిప్పినా ఇంధనం అందుతుంది. ఈ పొరను డయాఫ్రం అంటారు.

సాధారణంగా ఇందులో ఉండేది టూ స్ట్రోక్ ఇంజను. దీనికి ప్రత్యేకంగా ఇంజను ఆయిలు తొట్టి ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టనుకు, బేరింగులకు కందెనగా పనిచేస్తుంది. కనుక పెట్రోలు తగ్గితే ఆయిలు కూడా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. పెట్రోలు తక్కువగా ఉన్న మిశ్రమాన్ని పలుచని మిశ్రమమని, ఎక్కువగా ఉన్నదానిని చిక్కని మిశ్రమమని చెప్పవచ్చు. చిక్కని మిశ్రమం వలన పొగ, మసి, బలహీనత కలుగుతాయి. పలుచని మిశ్రమంతో యంత్రం మొదట చురుకుగా తోచినా, కొద్దిసేపట్లోనే చెడిపోవచ్చు.

ఇంధనం

ఎక్కువ రంపాలకు 50:1 పాళ్ళు, అనగా లీటరు పెట్రోలుకు 20 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిలు కలుపుతారు. 25:1 అయితే 40 మి.లీ. కావాలి. తయారీదారు పుస్తకంలో చెప్పిన పాళ్ళనే పాటించాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, డయాఫ్రంను గట్టిపరుస్తుంది. అందువలన కొద్ది రోజులకు సరిపడేంత మాత్రమే కలుపుకోవడం మంచిది.

సర్దుబాటుకు ముందు

చాలా సందర్భాలలో లోపం కార్బ్యురేటరులో ఉండదు. మరలు తిప్పడానికి ముందు ఇంజను ఆపి ఈ క్రింది వాటిని పరిశీలించాలి.

* గాలి వడపోత: దుమ్ము పట్టితే గాలి తగ్గి మిశ్రమం చిక్కనవుతుంది. శుభ్రం చేయకుండా మరలు తిప్పితే, కొత్త వడపోత వేసిన రోజున మిశ్రమం పలుచనవుతుంది.
* పెట్రోలు ట్యాంకులోని వడపోత: ఇది మూసుకుపోతే ఇంధనం తగ్గుతుంది.
* స్పార్క్ ప్లగ్గు: సాధారణంగా సందు 0.5 మి.మీ. ఉంటుంది. కొన లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్లు, నల్లని మసి ఉంటే చిక్కన, తెల్లబారితే పలుచన అని గుర్తించవచ్చు.
* సిలిండరు రెక్కలు: కొబ్బరి పీచు, పొట్టు ఇరుక్కుంటే ఇంజను చల్లబడదు.
* గొలుసు: ఇసుక నేలపై పడిన మానును కోస్తే పళ్ళు త్వరగా మొద్దుబారతాయి. ముక్కలకు బదులు మెత్తని పొడి రాలుతుంటే గొలుసును ఆకురాయితో పదును పెట్టాలి.

సర్దుబాటు విధానం

సాధారణంగా కార్బ్యురేటరుకు మూడు మరలు ఉంటాయి. ఎల్ మర తక్కువ వేగంలో, హెచ్ మర ఎక్కువ వేగంలో ఇంధనాన్ని నియంత్రిస్తాయి. ఎల్ఏ లేదా టీ అని గుర్తించిన మర ఖాళీ వేగాన్ని నిర్ణయిస్తుంది. ఎల్, హెచ్ మరలను గడియారపు ముల్లు దిశలో తిప్పితే మిశ్రమం పలుచనవుతుంది, వ్యతిరేక దిశలో చిక్కనవుతుంది.

1. ఎల్, హెచ్ మరలను మెల్లగా చివరిదాకా బిగించి, పుస్తకంలో చెప్పినంత వదులు చేయాలి. చాలా రంపాలలో ఇది ఒక చుట్టు. గట్టిగా బిగిస్తే మర కొన చెడిపోతుంది.
2. ఆరుబయట రంపాన్ని నేలపై స్థిరంగా ఉంచి, గొలుసు దేనికీ తగలకుండా చూసి, ఇంజనును కొన్ని నిమిషాలు వేడెక్కనివ్వాలి.
3. ఎల్ మరను ఇటూ అటూ తిప్పి ఇంజను నిలకడగా, వేగంగా తిరిగే చోటును గుర్తించి, అక్కడి నుండి కొద్దిగా వదులు చేయాలి. యాక్సిలేటరు నొక్కినపుడు ఇంజను తడబడితే మరికొంత వదులు చేయాలి.
4. ఖాళీ వేగంలో గొలుసు తిరుగుతుంటే, అది ఆగే వరకు ఎల్ఏ మరను వదులు చేయాలి.
5. హెచ్ మరను వేగమాపకం సాయంతో, పుస్తకంలో ఇచ్చిన గరిష్ఠ వేగం మించకుండా సర్దాలి. పూర్తి వేగంలో కోత లేనపుడు శబ్దం కొంచెం తెగినట్లు వినిపించి, కోతలో నునుపుగా మారడం మంచి గుర్తు. సన్నని కీచు శబ్దం వస్తే వెంటనే మరను వదులు చేయాలి.

సర్దిన తరువాత కూడా ఖాళీ వేగం దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటే, గాలి గొట్టం లేదా క్రాంక్ సీళ్ళు కారుతున్నాయని అనుమానించాలి. ఈ లోపాన్ని మరలతో కప్పిపుచ్చరాదు. ఎత్తైన కొండలపై సర్దిన రంపాన్ని సముద్రతీరానికి తెస్తే, గాలి సాంద్రత పెరిగి మిశ్రమం పలుచనవుతుంది కనుక మళ్ళీ సర్దాలి. కొన్ని నూతన రంపాలలో ఈ పనిని ఎలక్ట్రానిక్ వ్యవస్థే చేస్తుంది, వాటికి ఈ మరలు ఉండవు.

నిల్వ, భద్రత

నెలకు మించి వాడనపుడు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంత తాను ఆగే వరకు నడపాలి. దీని వలన కార్బ్యురేటరులో జిగురు పేరుకోదు. తుఫాను కాలానికి ముందే ఒకసారి నడిపి చూసుకోవాలి. కోసేటపుడు శిరస్త్రాణం, కళ్ళద్దాలు, చెవి రక్షణ, బూట్లు ధరించాలి. గొలుసు బ్రేకు పనిచేయని రంపాన్ని వాడరాదు. విద్యుత్ తీగలపై పడిన చెట్టును, సరఫరా నిలిపివేసినట్లు విద్యుత్ సిబ్బంది నిర్ధారించిన తరువాతనే కోయాలి.