వేపనూనె సీసా వెనక మిడతల దండు

కుండీలో మందారం కొమ్మల సందున దూదిపింజల్లా పిండినల్లి కనిపించిందని చెప్పండి, పక్కింటివాళ్ల నుంచి నర్సరీవాళ్ల దాకా అందరి సలహా ఒకటే: వేపనూనె కొట్టండి. గాదెల్లో, బట్టల పెట్టెల్లో ఎండు వేపాకు వేయడం మనకు పాత అలవాటే. అయితే అది దాచుకున్న సరుకుకి కాపలా. పచ్చని మొక్కను మేసే పురుగు మీద వేప ఏం చేస్తుందో శాస్త్రవేత్తలు పట్టించుకోవడానికి మిడతలే కారణం.

1959లో సూడాన్‌ మీద మిడతల దండు పడింది. చుట్టూ ఉన్న పచ్చదనమంతా పోయినా వేపచెట్లు నిలిచాయి. మిడతలు వాటి మీద వాలాయి కానీ మేయకుండానే లేచిపోయాయి. అది కళ్లారా చూసిన జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్‌రిష్ ష్ముట్టరర్ ఆ తరవాత దశాబ్దాల పాటు వేపనే పట్టుకున్నాడు. ఆ వేప సూడాన్‌ది కాదు, మన వైపు నుంచి వెళ్లిన చెట్టే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ప్రధాన్, ఆయన సహచరులు వేపపప్పు నూరి నీళ్లలో కలిపి పైర్ల మీద చల్లి చూశారు. మిడతలు ఆ పైరును ముట్టలేదని 1962లో ప్రకటించారు. ష్ముట్టరర్ పేరు మోగినంతగా ప్రధాన్ పేరు మోగకపోవడం అన్యాయమే.

1968లో ఇంగ్లండ్‌లోని కీల్‌లో బటర్‌వర్త్, మోర్గాన్ వేపగింజల నుంచి అసలు పదార్థాన్ని వేరుచేశారు. అదే అజాడిరాక్టిన్. దాన్ని ప్రయోగశాలలో తయారుచేయడానికి కేంబ్రిడ్జ్‌లో స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్లు పట్టి, 2007కి గానీ కుదరలేదు. మన వీధిచివర వేపచెట్టు మాత్రం ఏటా దాన్ని బుట్టలకొద్దీ రాలుస్తూనే ఉంది.

ఈలోగా పేటెంట్ల గొడవ. వేపనూనెతో మొక్కల బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతి తమదంటూ డబ్ల్యు.ఆర్. గ్రేస్ కంపెనీ, అమెరికా వ్యవసాయ శాఖ కలిసి 1994లో యూరప్‌లో పేటెంటు పొందాయి. పర్యావరణ ఉద్యమకారిణి వందనా శివ తదితరులు సవాలు చేయగా 2000లో అది రద్దయింది. 2005లో అప్పీలూ వీగిపోయింది.

అజాడిరాక్టిన్ పురుగును అక్కడికక్కడే చంపదు. తిండి సహించకుండా చేస్తుంది, కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది. మర్నాడే పిండినల్లి కదులుతోందని సీసా పారేసేవాళ్లకి ఈ సంగతి తెలియదు. వారానికోసారి, రెండు మూడు విడతలు కొట్టాలి. ఎండకు ఆ పదార్థం త్వరగా విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం పూటే, ఆకుల అడుగున కూడా తడిసేలా కొట్టాలి. నూనె నీళ్లలో కలవదు గనక కొద్దిగా సబ్బునీళ్లో కుంకుడు రసమో తప్పనిసరి. పేనుబంక లాంటి మెత్తని పురుగులకు సబ్బునీళ్లే సగం మందు.

సీసా కొనేటప్పుడు అజాడిరాక్టిన్ ఎన్ని పీపీఎం ఉందో చూడండి. అంకె వేయని సీసాలో ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. దానికన్నా రైతుల కషాయమే నమ్మకం: 50 గ్రాముల వేపపప్పు పొడిని గుడ్డలో మూటకట్టి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, వడకట్టి, సబ్బు కలిపి ఆ రోజే వాడేయండి.